ఢిల్లీలో కొరియా విస్తరి

“భోజనమైందా?” తెలుగునాట ఇద్దరు ఎదురుపడినప్పుడు కుశలప్రశ్నకు మారుగా వినవచ్చే ఈ మాట కొరియాలోనూ అదే అర్థంలో, అదే ఆప్యాయతతో వినిపిస్తుంది. వారి భాషలో ‘బాప్’ అంటే వండిన అన్నం. భోజనమన్నా అదే మాట. అన్నాన్ని ఇంతగా గౌరవించే ఆ జాతి వంటకాలు నేడు రొట్టెల నగరమైన ఢిల్లీలోను, పొరుగున ఉన్న నోయిడా, గురుగ్రామ్‌లలోను స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి.

ఇందుకు దారి తీసినవి కర్మాగారాలు. దక్షిణ కొరియాతో భారతదేశానికి దౌత్య సంబంధాలు 1973లోనే ఏర్పడినప్పటికీ, కొరియా కుటుంబాలు ఈ ప్రాంతానికి చెప్పుకోదగిన సంఖ్యలో వచ్చింది 1990ల ద్వితీయార్ధంలో శామ్‌సంగ్, ఎల్.జి. సంస్థలు నోయిడా, గ్రేటర్ నోయిడాలలో కాలూనిన తరువాతనే. ఇంజనీర్ల వెంట ఇల్లాళ్లు, వారి వెంట ఊరగాయ జాడీలు, వాటి వెనుక భోజనశాలలు వచ్చాయి. 2012లో లాజ్‌పత్ నగర్‌లో కొరియా సాంస్కృతిక కేంద్రం వెలసింది. అంతవరకు ప్రవాసుల అవసరంగా ఉన్న ఆహారం క్రమంగా నగరవాసుల కుతూహలంగా మారింది.

కొరియా భోజనంలో వంటకాలు ఒకదాని తరువాత ఒకటి రావు. అన్నీ ఒక్కసారే బల్లను అలంకరిస్తాయి. ఎవరి అన్నం గిన్నె, పులుసు గిన్నె వారివే. నడుమ ఉంచిన చిన్న చిన్న పళ్లాలు మాత్రం అందరివీ. పాలకూర, మొలకలు, ముల్లంగి, ఎండు చేపలు మొదలైన ఈ ఉపదంశాలను ‘బాంచన్’ అంటారు. భోజనశాలలో వీటికి వేరుగా వెల కట్టకపోవడం, అడిగితే మళ్లీ వడ్డించడం ఆచారం. అన్నానికి చెంచా, కూరలకు లోహపు పుల్లలు వాడతారు. పెద్దవారు చెంచా ఎత్తనిదే పిన్నలు ముట్టరు. బల్ల మీదే కాల్చిన మాంసపు ముక్కను లేత ఆకులో పెట్టి, కారపు ముద్ద రాసి, తాంబూలం చుట్టినట్లు చుట్టి ఒకే కబళంగా నోట పెట్టుకుంటారు. ఆత్మీయులకు తమ చేతితో నోటికి అందిస్తారు కూడా.

ఈ పళ్లాలన్నిటిలో తప్పనిసరి కిమ్చీ. ఆకుకోసును ఉప్పులో ఊరబెట్టి, కడిగి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లం, చేపల ద్రావకం కలిపిన ముద్దను రేకు రేకుకూ పట్టించి పులియబెడతారు. ముల్లంగితో, దోసతో, ఉల్లికాడలతో, కారమే లేకుండా చేసేవి కలుపుకుంటే ఇందులో వందకు పైగా రకాలున్నాయి. మన ఇళ్లలో ఆవకాయ వేసవి పండుగైతే, వారికి కిమ్చీ పెట్టడం చలికాలపు ముంగిట వచ్చే పండుగ. ఇరుగుపొరుగు కలిసి చేసి పంచుకునే ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2013లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. సోయా గింజలతో ముద్దలు, ద్రావకాలు పులియబెట్టే విద్యకు 2024లో అదే గౌరవం దక్కింది. ఇంత కారం తినే కొరియాకు మిరప చేరింది 16వ శతాబ్దం చివరనని అధికుల అభిప్రాయం. ఆంధ్రులకూ అది సముద్రాలు దాటి వచ్చిన అతిథే.

ఢిల్లీ ఎండలు కిమ్చీకి పరీక్ష. చలిలో వారాల తరబడి నెమ్మదిగా పులిసేది ఇక్కడి వేసవిలో ఒకటి రెండు రోజులకే పుల్లబడుతుంది. శీతల యంత్రం లేనిదే నిలవదు. అయినా వేసవికి ఆ వంటింట విరుగుడు లేకపోలేదు. మంచు ముక్కలు తేలే చల్లని పులుసులో సేమ్యా వంటి ‘నేంగ్‌మ్యన్’ ఒకటి. మరొకటి ఉష్ణాన్ని ఉష్ణంతోనే జయించాలన్న నమ్మకంతో నడివేసవిలో తాగే ‘సాంగ్యేతాంగ్’. కోడిపిల్ల కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు కూర్చి ఉడికించి, పొగలు కక్కుతుండగా వడ్డిస్తారు.

శాకాహారులు కొరియా విందుకు దూరం కానవసరం లేదు. అక్కడి బౌద్ధారామాలలో మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా నిషిద్ధం. ఉత్తరాది వైష్ణవ, జైన గృహాల పాకశాస్త్రానికి ఇది సహోదరి. అయితే మామూలు కిమ్చీలో చేపల ద్రావకం కలిసే ఉంటుంది గనుక అడిగి తినడం మేలు.

ఇక ఢిల్లీలో కొరియా వంటకు నిజమైన చుట్టరికం కలిసింది సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ నడుమనున్న హుమాయూన్‌పూర్ ఇరుకు సందులలో. చదువులకు, ఉద్యోగాలకు వచ్చిన ఈశాన్య రాష్ట్రాల యువతకు ఇది ఆలవాలం. నాగాలాండ్ ‘అఖునీ’, మణిపూర్ ‘హవాయ్‌జార్’ కూడా పులియబెట్టిన సోయా గింజలే. కొరియా ‘చంగుక్‌జాంగ్’కు దగ్గరి బంధువులే. 2000లో మణిపూర్‌లో ఒక తీవ్రవాద సంస్థ హిందీ చిత్రాలను నిషేధించినప్పుడు, ఆ ఖాళీని కొరియా ధారావాహికలు నింపాయి. తెరమీది పళ్లెం వారికి పరాయిగా తోచలేదు.

కాని ఆ వాసన నగరానికి అంత సులభంగా రుచించలేదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం వెలువరించిన సూచనల పుస్తకంలో, వెదురు మొలకలు, అఖునీ వంటి వాసన గల వంటలతో ఇరుగుపొరుగున అలజడి కలగనీయవద్దని హితవు ఉన్నది. అది విమర్శల పాలైంది. ఆ వంటకం పేరునే ధరించి 2019లో వచ్చిన ‘అఖునీ’ చలనచిత్రం, పెండ్లి విందుకై దానిని వండబోయిన మిత్రబృందానికి ఎదురైన ఇక్కట్లను హుమాయూన్‌పూర్ నేపథ్యంలోనే చూపింది.

నేడు అవే సందులలో కిమ్చీ కోసం నగరం నలుమూలల నుంచి యువజనం వస్తున్నారు. టెలివిజను నాయికానాయకుల చేతిలోని గిన్నె వల్ల ఆ పులిసిన వాసనకు గౌరవం అబ్బింది. సముద్రాల అవతలి కుండకు దక్కిన ఈ ఆదరం సొంత దేశపు కొండల నుంచి వచ్చిన కుండకు కూడా దక్కిన నాడే, ఢిల్లీ భోజనపు బల్ల నిజంగా విశాలమైనట్లు.