సగం ఖాళీ సంచి

తాటిపాక సెంటర్లో బండి ఆపి హెల్మెట్ తీశానో లేదో, టీ కొట్టాయన నా వెనక సీటు వైపు చూసి అడిగాడు: "ఏవండీ, హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసేశారేంటి?" బల్ల మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కొంచెం చురుక్కుమంది.

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. పోయినేడాది జూన్ సంగతి ఇది. 350 సీసీ బండికి రెండు పక్కలా రెండు పెద్ద పెట్టెలు, వెనక రాక్ మీద ఇంకో పెట్టె, దాని మీద రబ్బరు తాళ్లతో బిగించిన టెంటు. నాలుగు రోజుల ప్రయాణానికి ఏడు జతల బట్టలు, రెండు జతల బూట్లు, ల్యాప్‌టాప్. కోనసీమలో చుట్టాలింటికి వెళ్తూ టెంటు ఎందుకని అడక్కండి. లద్దాఖ్ వెళ్లేవాళ్ల వీడియోల్లో అందరి దగ్గరా ఉంది, నేనూ కొనేశాను.

హైదరాబాద్ నుంచి తాటిపాక నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడ, గుడివాడ, భీమవరం, పాలకొల్లు మీదుగా వచ్చి, చించినాడ దగ్గర వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే దిండి. అక్కణ్నుంచి కోనసీమే. రాజోలు దాటిన కాసేపటికి తాటిపాక వచ్చేస్తుంది. ఓఎన్జీసీ వాళ్ల చిన్న రిఫైనరీ ఉన్న ఊరంటే బయటివాళ్లు గుర్తుపడతారు. మాకు మాత్రం పెద్దమ్మ వాళ్ల ఊరు.

హైవే మీద ఉన్నంతసేపూ పెట్టెల బరువు తెలియలేదు. సెంటర్ దాటి కాలవగట్టు మీదకి తిరిగాక తెలిసింది. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టర్ వచ్చింది. దారిద్దామని పక్కకి జరిగాను. హ్యాండిల్ పడుతుంది కదా అనుకున్నాను గానీ, హ్యాండిల్ కంటే పెట్టెలు వెడల్పన్న సంగతి మర్చిపోయాను. ఎడమ పెట్టె కొబ్బరిచెట్టు మొదలుకి తగిలింది. బండి ఒక్కసారిగా తిరిగి, బరువంతా పైనే ఉండడంతో నిలదొక్కుకోలేక పడిపోయింది. నా కుడికాలు బండి కింద, వెనక చక్రం గట్టు అంచున, కింద కాలవ. ట్రాక్టర్ మీదున్న ఇద్దరు కుర్రాళ్లు దూకి పట్టుకోకపోతే ఏమయ్యేదో.

పెద్దమ్మ మోకాలికి పసుపు రాసింది. నాలుగు రోజులూ తిట్టుకుంటూనే చేపల పులుసు పెట్టింది. బయల్దేరే రోజు పొద్దున్నే మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ పట్టుకుని వచ్చింది.

"అమ్మకి ఇవ్వు నాన్నా."

"ఎక్కడా చోటు లేదు పెద్దమ్మా. ఈసారి పట్టుకెళ్తాలే."

"సర్లే" అని జాడీ లోపలికి తీసుకెళ్లిపోయింది. ఇంకేమీ అనలేదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, అక్క ఏమిచ్చిందని. విషయం చెప్పాను. "మూడు పెట్టెల్లోనా చోటు లేదు?" అంది. అంతే.

ఆ రోజు పెదనాన్న మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి ఒక మాటన్నాడు: "ఒరేయ్, మా చిన్నప్పుడు ఆడపిల్లకి సారె కావిడి మీద పంపేవాళ్లం. కావిడికి రెండే సూత్రాలు. రెండు పక్కలా సమానం ఉండాలి, బరువు కిందికి వేలాడాలి. నువ్వు మొత్తం నెత్తికెత్తావు."

బండి లగేజీ గురించి నేను చూసిన వీడియోలన్నిటి సారం ఆ రెండు సూత్రాల్లోనే ఉంది. వెనక చక్రం దాటి, ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికైపోతుంది. వేగం మీద హ్యాండిల్ ఊగుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు బండి ఒరిగితే ఆపలేం.

పెట్టెలు అమ్మేశాను. వాటి బదులు సీటు మీదుగా రెండు పక్కలా వేలాడే గుడ్డ సంచులు కొన్నాను, ఒక్కోటి 15 లీటర్లు. హ్యాండిల్ వెడల్పు దాటవు. సైలెన్సర్ ఉన్న వైపు సంచి దానికి తగలకుండా మధ్యలో ఇనప పట్టీ వేయించాను. లేకపోతే వేడికి అడుగు కాలిపోతుంది. పానాలు, పంక్చర్ కిట్, తాళం గొలుసు లాంటి బరువులన్నీ ఈ సంచుల అడుగునే. వెనక సీటు మీద మూతి మడిచి బిగించే వాటర్‌ప్రూఫ్ సంచి ఒకటి, 20 లీటర్లది. అందులో బట్టలే. పైన తొడిగే వాన కవర్లు గాలికి ఎగిరిపోతాయి, వాటిని నమ్ముకోలేం. కాగితాలు, ఫోను, నీళ్లసీసా పెట్రోల్ ట్యాంకు మీద చిన్న సంచిలో. కొక్కేల రబ్బరు తాళ్లు మానేసి బకిల్ పట్టీలు వాడుతున్నాను. పట్టీ కొసలు వేలాడితే చైన్లోకో చక్రంలోకో పోతాయి, అందుకని మడిచి దోపాలి. బరువుకి తగ్గట్టు వెనక టైర్లో గాలి ఎంతుండాలో, రాక్ ఎంత మోస్తుందో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం నేను మొదటిసారి తెరిచింది పడ్డాకే.

బట్టలు మూడు జతలు. ఒంటి మీద ఒకటి, సంచిలో ఒకటి, దండెం మీద ఒకటి. ఇవన్నీ సర్దాక కూడా సంచుల్లో సగం ఖాళీ ఉండాలి. అది నేను పెట్టుకున్న నియమం. జాడీ కోసం.

మొన్న సంక్రాంతికి అలాగే వెళ్లాను. టీ కొట్టాయన గుర్తుపట్టి, "ఏంటండీ, సామాను దొంగలెత్తుకుపోయారా?" అన్నాడు. కాలవగట్టు మీద ఆటో ఎదురొచ్చినా ఇబ్బంది లేకుండా తప్పుకున్నాను. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభలు చూసొచ్చి, రాత్రి అన్నాల దగ్గర నేనే అడిగాను: "పెద్దమ్మా, ఈసారి చోటుంది. ఆవకాయ ఇస్తావా?"

"ఈ ఏడు పెట్టలేదురా. చేతులు వణుకుతున్నాయి. ముక్క కొట్టలేను, కలపలేను."

నాకు ముద్ద దిగలేదు. పెద్దమ్మే లేచెళ్లి ఆ జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. ఖాళీగా ఉంది. "ఇది మీ అమ్మమ్మది. మీ అమ్మకివ్వు" అని దాని కథ చెప్పింది.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి పేలి అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇళ్లు వదిలి వెళ్లాల్సొచ్చింది. అమ్మమ్మది అటువైపు ఊరే. ఒక చేత్తో బట్టల మూట, రెండో చేత్తో ఈ జాడీ పట్టుకుని తాటిపాక వచ్చింది. డబ్బులు మర్చిపోయిందట. "ఆ సంక్రాంతికి రాత్రిళ్లు కూడా అటు ఆకాశం ఎర్రగానే ఉండేది. పదిమందిమి ఈ ఆవకాయతోనే తిన్నాం" అంది పెద్దమ్మ.

పొద్దున్నే జాడీని పాత తువ్వాల్లో చుట్టి ఎడమ సంచిలో పెట్టాను. పెదనాన్న రెండు సంచులూ చేతులతో ఎత్తి చూసి, కుడిదాంట్లో పీచుతో ముడేసిన కొబ్బరికాయల జత ఒకటి వేశాడు. మళ్లీ ఎత్తి చూశాడు. "ఇప్పుడు కావిడిలా ఉంది" అన్నాడు.

వచ్చేటప్పుడు అంతర్వేదిలో దణ్నం పెట్టుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. నరసాపురం ఒడ్డు చేరేవరకూ బండ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. పక్క బండి తగలకుండా ఎడమ సంచికి నా మోకాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

ఈ వేసవిలో అమ్మ ఆ జాడీలో ఆవకాయ పెట్టింది. వచ్చే వారం కొంచెం డబ్బాలో తీసి పెద్దమ్మకి పట్టుకెళ్తున్నాను. దానికి సరితూగేలా రెండో సంచిలో ఏం పెట్టాలా అని చూస్తున్నాను.