ఎక్కడ నొప్పి?

ఒళ్ళంతా నొప్పి అని వచ్చిన మనిషికి ముందు నేను చెప్పేది, వేలుపెట్టి చూపించమని. చూపించలేకపోతే మందు తర్వాత, కబుర్లు ముందు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీవిజయపురం అని పేరు మారింది గానీ, జంగ్లీఘాట్ తెలుగువాళ్ళ నోట అది ఇంకా పోర్ట్ బ్లేరే. శ్రీకాకుళం తీరం నుంచి వేటకీ కూలికీ వచ్చి స్థిరపడ్డవాళ్ళు అక్కడ చాలామంది. వాళ్ళలో ఒక తాపీ పనివాడు ఏళ్ళ తరబడి నా దగ్గరికి వచ్చేవాడు. గుండెల మీద బరువు, నిద్ర లేకపోవడం, ఎన్ని మాత్రలు మార్చినా దిగని బీపీ. ఈసీజీ బాగానే ఉంటుంది, ఎకో బాగానే ఉంటుంది. "ఘోర పాపిని డాక్టరు బాబూ. రోజూ పార్దన చేస్తన్నాను" అనేవాడు.

బాప్టిస్టు ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. అదీ ఒళ్ళంతా నొప్పి లాంటిదే. రోగం దాక్కోవడానికి భలే చోటు.

2004 డిసెంబరులో అతను లిటిల్ అండమాన్‌లోని హట్‌బేలో పని చేస్తున్నాడు. తల్లి తోడుండి వండిపెట్టేది. క్రిస్మస్‌కి పోర్ట్ బ్లేరులో పెద్దకొడుకు ఇంటికి ఓడెక్కుతానంది. కాంట్రాక్టరు ఎనిమిది వందలు బాకీ, సోమవారం ఇస్తాడు, అప్పుడెళ్దువులే అన్నాడు ఇతను. పండగ శనివారం. ఆదివారం పొద్దున్న ఆరున్నరకి భూమి కదిలింది, ఆ వెనకే సముద్రం వచ్చింది. ఆవిడ దొరకలేదు. అన్న పదిహేనేళ్ళ పైన ఇతనితో మాట్లాడలేదు.

ఒక ఈస్టరు నాడు అన్నే వచ్చి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాడు. ఇక బీపీ దిగుతుందనుకున్నాను. ఆ నెల 180/110.

"అన్నియ్య ఒగ్గేసినాడు బాబూ. ఇన్నాళ్ళూ ఆడు తిడతంటే బాకీ తీరుతన్నట్టుండేది. ఇప్పుడు నానెవులికి కట్టాల?"

పరలోక ప్రార్థనలో మా చర్చిల్లో 'అపరాధాలు' అంటాం. తెలుగు మత్తయి సువార్తలో ఉన్న మాట మాత్రం ఋణం. అప్పు మీదే బతుకు వెళ్ళదీసేవాళ్ళకి ఆ మాట ఎంత లోపల తగులుతుందో ఆ రోజు తెలిసింది.

నాకూ ఒక బాకీ ఉంది. కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఒక రాత్రి, షుగరున్న నడివయసు ఆవిడ ఆయాసం, వాంతి అని వచ్చింది. ఛాతీలో నొప్పి లేదంది. షుగరున్నవాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. గ్యాసని ఇంజెక్షనిచ్చి పంపేశాను. తెల్లారేసరికి పోయింది. "ఆవిడ ఆయుష్షంతే, మీరేం చేస్తారు సార్" అన్నాడు భర్త. తిట్టి ఉంటే నయంగా ఉండేది. చాలా ఏళ్ళు, ప్రభువా నా పొరపాట్లు మన్నించు అని ప్రార్థించాను. పొరపాట్లు! బహువచనం!

తర్వాత కార్ నికోబార్‌లో డ్యూటీ పడింది. అక్కడి ఆసుపత్రికి బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరు. కొత్త నిబంధనని నికోబారీ భాషలోకి తెచ్చిన మనిషి, 1952లో మొదటి లోక్‌సభకి నామినేట్ అయిన మనిషి. జపాన్ ఆక్రమణ కాలాన్ని దాటి వచ్చినవాడు కూడా. గూఢచారులన్న అనుమానంతో దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్‌లో ఒక్కరోజే, 1944 జనవరి 30న, 44 మందిని కాల్చేసిన కాలం అది. అంత చూసిన జనానికి క్షమాపణ గురించి బోధించడం ఏ పాదిరికైనా మాటలా!

ఒక ఆదివారం గుడిలో ముసలావిడ ఒకరు చాలాసేపు ప్రార్థన చేసింది. నాకు భాష రాదు. పక్కనున్న నర్సు చెప్పింది: సునామీకి ముందురోజు పండగ పందిమాంసం పంపకంలో చెల్లెలితో తగువు పడిందట. ఏ ముక్కో, ఎవరికి తక్కువైందో కూడా దేవుడికి విడమరిచి చెబుతోందట. చెల్లెలు కెరటంలో పోయింది.

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ రాత్రి క్వార్టర్స్‌లో మోకరించి చెప్పాను. ఆ షుగరావిడ వచ్చిన రాత్రి ఈసీజీ మిషను పక్కగదిలోనే ఉంది. నిద్రొస్తోంది. లేచి వెళ్ళడానికి బద్ధకించాను. ఈ మూడు ముక్కలు బయటికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆవిడ తిరిగిరాలేదు, నా తప్పు చిన్నదీ కాలేదు. కానీ దాని కొలత తెలిసింది. ఇప్పటికీ షుగరున్నవాళ్ళు ఆయాసమంటే, వేళ ఎంతైనా, ముందు మిషను దగ్గరికే నడుస్తాను.

తాపీ పనివాడికి ఇదంతా చెప్పాను. రోగికి అంత చెప్పుకోకూడదంటారు మా వాళ్ళు. చెప్పుకున్నాను. "ఘోర పాపం సంగతి వదిలెయ్యి. ఎక్కడో వేలుపెట్టి చూపించు" అన్నాను.

చాలాసేపు కూర్చున్నాడు. "సోమారం" అన్నాడు చివరికి.

తర్వాతి నెల వచ్చాడు. "ఎనిమిదొందలూ, సోమారమూ దేవుడికి చెప్పేసినాను బాబూ. అమ్మకీ చెప్పినాను." బీపీ 150/90. ఇంతకీ ఆ ఎనిమిది వందలు ఏమయ్యాయని అడిగాను.

"ఎగ్గొట్టేసినాడు. ఆడిని నానింకా ఒగ్గనేదు" అన్నాడు.

మాత్ర అదే రాశాను.