సముద్రానికి సోడా

ఆరెగాన్ తీరంలో నెటార్ట్స్ బే అని ఒక చిన్న సముద్రపు పాయ ఉంది. దాని ఒడ్డున విస్కీ క్రీక్ అనే హేచరీ. రొయ్య పిల్లలకి మనవైపు హేచరీలు ఎలాగో, ఈ తీరంలో ఆయిస్టర్లు, అంటే మన ఆల్చిప్పలు, పెంచేవాళ్ళకి ఇది అలాగ. 2007, 2008లలో ఇక్కడ తొట్లలో పిల్లలు కోట్లకొద్దీ చచ్చిపోయాయి. ముందు బాక్టీరియా అనుకున్నారు. దాన్ని వదిలించుకోవడానికి ఖర్చు పెట్టి కొత్త ఏర్పాట్లు చేశారు. అయినా చావులు ఆగలేదు.

చివరికి తేలిందేమిటంటే, జబ్బు పిల్లలకి కాదు, నీళ్ళకి. వేసవిలో ఉత్తరపు గాలి వీస్తే పైనీళ్ళు తీరం నుంచి పక్కకి తొలగి, అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆల్చిప్ప పిల్ల పుట్టిన రెండు రోజుల్లో మొదటి చిప్ప కట్టుకోవాలి. ఆ నీళ్ళలో చిప్ప కట్టుకోవడానికే దాని గుడ్డులో దాచుకున్న సత్తువంతా అయిపోతుంది.

ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వచ్చి కొలతలు మొదలుపెట్టాక, హేచరీవాళ్ళు చేసిన పనులు రెండే. పొద్దున్న కాకుండా మధ్యాహ్నం దాటాక తొట్లు నింపడం (అప్పటికి బేలోని నాచూ, గడ్డీ కార్బన్ డయాక్సైడ్‌ని కొంత లాగేసుకుంటాయి), ఆ నీళ్ళలో సోడా యాష్ కలపడం. పిల్లలు బతికాయి.

భీమవరం దగ్గర చెరువులు చేసే మా బాబాయికి ఫోన్లో ఇదంతా చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పొద్దున్న పీహెచ్ ఒకటి, సాయంత్రం ఇంకొకటి. ఇది మాకు తెలీదట్రా?" అన్నాడు. కాసేపాగి, "సరే, తొట్టికి సోడా వేశారు. సముద్రానికి వేస్తారా? అడుగునుంచి వస్తున్న ఆ నీళ్ళు ఎప్పటివి?" అని అడిగాడు. ముప్ఫై, యాభై ఏళ్ళ క్రితం గాలి తగిలిన నీళ్ళని చెప్పాను. "అయితే ఇది పాత బాకీ. మన బాకీ ఇంకా పైకి రాలేదన్నమాట," అన్నాడు. ఆ నీళ్ళ గురించి నేను చదివినవన్నీ కలిపినా ఇంత సూటిగా లేవు.

బాబాయి బాధ వేరు. 25 డిగ్రీల మంచినీళ్ళు లీటరుకి దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 35 డిగ్రీలకి 7 మాత్రమే. ఉప్పుంటే ఇంకా తక్కువ. వేడికి రొయ్యకేమో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. రాత్రంతా నాచూ పీల్చుకుంటుంది, రొయ్యా పీల్చుకుంటుంది. తెల్లారుజామున నాలుగింటికి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది. ల్యాబ్ కుర్రాడు శాంపిల్ పట్టేది తొమ్మిదింటికి! అప్పటికి ఎండొచ్చి అంతా బాగానే కనిపిస్తుంది. మా వృత్తిలోనూ ఇంతే, సర్వర్ కూలేది ఎవరూ చూడని వేళలోనే. అందుకే ఒక ఆక్సిజన్ మీటరు పంపాను. తమ్ముడు రాత్రిళ్ళు గంటగంటకీ చూసి నోట్‌బుక్కులో రాస్తున్నాడు.

రెండు వారాల అంకెలు చూశాక ఇంట్లో పెద్ద వాదన. ఏరియేటర్లు పెంచి, డీజిలు పోసి నెట్టుకొద్దామని తమ్ముడు. వేసవి పంటకి పిల్లని పలచగా వదులుదామని బాబాయి. పలచగా వేస్తే ప్రాణం సుఖం, కానీ పట్టుబడి తగ్గుతుంది. అప్పు ఆగదు.

చివరికి బాబాయి మాటే నెగ్గింది. ఈసారి ఎకరానికి పిల్ల తగ్గించారు. కౌలు మాత్రం పాతదే.