సైకిలుపై కోనసీమ కాలువ గట్టు

కోనసీమను బస్సులోనుండి చూసినవారు చాలామంది ఉన్నారు. నీరు వెళ్ళే దారి తెలియాలంటే మాత్రం సైకిలే మేలు. మేము ధవళేశ్వరం నుండి రావులపాలెం వరకు అలాగే వెళ్ళాము.

1833 నాటి కరువులో ఈ ప్రాంతం అల్లాడిపోయింది. సర్ ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు మనకు తెలియవు. వారి కష్టఫలం మాత్రం నేటికీ మన కంచంలో ఉంది.

ఇప్పుడున్న బ్యారేజీ మీదుగా గోదావరి దాటి బొబ్బర్లంక చేరితే, అక్కడినుండి కాలువ వెంబడే దారి. ఎత్తుపల్లాలు లేవు గనుక పెద్దవారు కూడా తొక్కగలరు. గట్టు ఇరుకు, లారీ వస్తే దిగి పక్కకు నిలబడాలి. ఎండ ముదరకముందే బయలుదేరడం మంచిది. ఆత్రేయపురంలో వేడి కుండమీద పిండి జావ పూసి పూతరేకులు తీసే స్త్రీల చేతివేగం చూడవలసినదే.

లొల్ల లాకుల దగ్గర కాలువ పాయలుగా చీలుతుంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాము. ఎగువవారు తమ వంతుకు మించి నీరు పెట్టుకుంటే శివారు చేలు ఎండిపోతాయి. మన కుటుంబాల్లోనూ, సంఘాల్లోనూ అంతే కదా! మనకు అందిన దీవెనను దిగువనున్న పొరుగువారికి కూడా పారనిద్దాము.