అంచున రాసిన ప్రశ్నలు

పెద్ద యుద్ధనౌకకు పేరుంటుంది. దాని నాయకుడెవరో, అది ఎక్కడ గెలిచిందో, ఎక్కడ మునిగిందో గ్రంథాలకెక్కుతుంది. చిన్న యుద్ధనౌకకు ఆ భాగ్యం అరుదు. పదులకొద్దీ కలిసి పోరాడి, పదులకొద్దీ కలిసి కాలిపోయిన నావలకు చివరకు మిగిలేది జాతిపేరు మాత్రమే. కొంకణ తీరంలో మరాఠా నావికులు నడిపిన గురాబులు, గల్బతులు అటువంటివి. ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వం కోసం వాటిని గురించి నాలుగు పుటల వ్యాసం రాసే పని ఒక విశ్రాంత చరిత్రాచార్యునికి లభించింది.

ఆయన జీవితమంతా చరిత్ర బోధించినవారు. నెల తిరగకుండానే వ్యాసం పూర్తిచేసి పంపారు. ఇక అచ్చులో చూసుకోవడమే తరువాయి అనుకుంటున్న సమయంలో ఆ వ్యాసం తిరిగి ఇంటికే వచ్చింది. ప్రతి పుట అంచునా పెన్సిలుతో సన్నని అక్షరాలలో ప్రశ్నలున్నాయి. రాసినవారి పేరు మాత్రం లేదు.

ఒక వ్యాసాన్ని ప్రచురించే ముందు, అదే విషయంలో పరిశ్రమ చేసిన మరొకరి చేత చదివించడాన్ని సహపండిత సమీక్ష అంటారు. ఇది కొత్త సంప్రదాయమేమీ కాదు. లండనులోని రాయల్ సొసైటీ 1752లో తన పత్రికకు వచ్చే వ్యాసాలను పరిశీలించడానికి ఒక సంఘాన్నే నియమించింది. సమీక్షకుని పేరు గోప్యంగా ఉంచడం చాలాచోట్ల వాడుక. ఈ సంగతులన్నీ ఆచార్యులకు తెలియనివి కావు. అయినా మొదటి ప్రశ్న చదవగానే ఆయన ముఖం ఎర్రబడింది.

ఆ మొదటి ప్రశ్న ఒక పేరును గురించినది. ఆంగ్లేయులు గురాబును 'గ్రాబ్' అని రాశారు. ఆంగ్లంలో ఆ మాటకు చేజిక్కించుకోవడం అనే అర్థముంది కనుక, ఓడలను లాక్కునే నౌక కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆచార్యులు వివరించారు. తరగతిలో ఎన్నో ఏళ్లుగా చెబుతున్న వివరణ అది. విద్యార్థులు నవ్వేవారు కూడా. సమీక్షకుడు అంచున రాసిన మాటలు రెండే: "ఎవరు చెప్పారు?" ఆ కిందనే, అరబ్బీలో 'గురాబ్' అంటే కాకి అనీ, ఓడ పేరు అందులోనుంచి వచ్చిందనీ, ఆంగ్ల క్రియతో దానికి చుట్టరికం లేదనీ సూచించాడు. వినడానికి సొంపుగా ఉన్న వ్యుత్పత్తులను అనుమానించాలని తన శిష్యులకు బోధించినవారు ఆ ఆచార్యులే.

వారం రోజుల పాటు ఆయన ఆ కాగితాలను ముట్టలేదు. తరువాత గ్రంథాలయానికి వెళ్లి, ఇంతకాలం సంగ్రహాలలోనే చదివిన రాబర్ట్ ఆర్మ్ చరిత్రను మూలంలో తెరిచారు. కేరళ తీరంలోని అంజెంగోలో 1728లో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన ఆర్మ్ 1763లో తన చరిత్ర మొదటి సంపుటాన్ని వెలువరించాడు. అందులో ఈ నౌకల వర్ణన కళ్లకు కట్టినట్లుంటుంది. గురాబు వెడల్పు ఎక్కువ, నీటిలో దిగే లోతు తక్కువ. మధ్యనుంచి ముందుకు సన్నబడుతూ పోయి, అణియం ముక్కులా పొడుచుకు వస్తుంది. గల్బతు దానికంటే చిన్నది. నలభై యాభై తెడ్లతో గంటకు నాలుగు మైళ్లు సాగగలదు. చిన్న గల్బతులకు పైతట్టు చీల్చిన వెదురు బద్దలతో వేసేవారు, బరువు తగ్గడానికి. పెద్దవాటి మీద ఆరు నుంచి ఎనిమిది చిన్న ఫిరంగులు ఉండేవి.

గాలి పడిపోయిన వేళ ఈ నావల బలం తెలిసేది. తెరచాపల మీదనే ఆధారపడ్డ పెద్ద ఓడ కదలలేక నిలిచిపోతుంది. అప్పుడు గల్బతులు గురాబులను తాళ్లతో లాగుకుంటూ, ఆ ఓడ ఫిరంగులు తక్కువగా ఉండే వెనుకవైపుకు చేర్చేవి. గురాబుల కాల్పులకు ఓడ కొయ్యలు విరిగి అది నిస్సహాయమయ్యాక, ఒక్కొక్క గల్బతులో రెండు మూడు వందలమంది కత్తులు దూసి నాలుగు దిక్కులనుంచీ పైకెక్కేవారు.

మూలం చూశాక ఆచార్యులకు తన మరో పొరపాటు తెలిసింది. గల్బతులు డెబ్బై టన్నుల నౌకలని ఆయన రాశారు. మిక్కిలి పెద్దవి కూడా అరుదుగానే డెబ్బై టన్నులు మించేవని ఆర్మ్ మాట. గరిష్ఠం కాస్తా సంగ్రహకర్త చేతిలో సామాన్యమైపోయింది. విజ్ఞాన సర్వస్వాలలో తప్పులు పుట్టే తీరు తరచుగా ఇదే.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న మూడవ పుటలో ఉంది. కాన్హోజీ ఆంగ్రేను ఆచార్యులు ఒకచోట "ఓడదొంగ" అన్నారు. దాని పక్కన కూడా ఆ రెండు మాటలే: "ఎవరు చెప్పారు?" చెప్పినవారు కంపెనీవారు. కాన్హోజీ మరాఠా రాజ్యపు సర్‌ఖేల్, అంటే నౌకాదళాధిపతి. తన తీరాన తిరిగే ఓడలు తన అనుమతిపత్రం తీసుకోవాలన్నాడు, తీసుకోనివాటిని పట్టుకున్నాడు. పోర్చుగీసువారు 'కర్తాజ్' పేరుతో అదే పనిని పదహారవ శతాబ్దం నుంచీ చేస్తున్నారు. వారిని ఆచార్యుల వ్యాసం ఎక్కడా దొంగలనలేదు. 1721లో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు కలిసి కొలాబా కోటపై దాడిచేసి ఓడిపోయారు. 1729లో మరణించేవరకు కాన్హోజీ వారికి లొంగలేదు. చిన్న నావల వారు తమ కథ తాము రాసుకున్నది స్వల్పం. ఎక్కువగా రాసింది వారితో పోరాడినవారు. ఆ మాటను ఆచార్యులు పూర్తిగా కొట్టివేయలేదు. "కంపెనీ పత్రాలు ఆయనను ఓడదొంగగా పేర్కొన్నాయి" అని మార్చారు. దోషం మాట చెప్పినవారి పేరు దాచడంలో ఉందని ఆయనకు తోచింది.

చివరి పుటలో 1756 ఫిబ్రవరి ఘట్టం. విజయదుర్గంలో మరాఠా నౌకాదళాన్ని ఆంగ్లేయులు దగ్ధం చేశారని వ్యాసంలో ఉంది. నిజమే, కానీ అర్ధసత్యం. తుళాజీ ఆంగ్రే మీదికి వాట్సన్, క్లైవులు వెళ్లినప్పుడు పీష్వా బాలాజీ బాజీరావు వారి పక్షాన ఉన్నాడు. పైగా మొదట నిప్పంటుకున్న 'రెస్టొరేషన్' అనే ఓడ, అంతకుముందు కంపెనీనుంచి ఆంగ్రే బలగం పట్టుకున్నదే. మంటలు దానినుంచి తక్కిన ఓడలకు పాకాయి. ఈ వాక్యం చేర్చాక ఆ పేరా రెట్టింపైంది.

సమీక్షకుడు చెప్పినవన్నీ ఆచార్యులు తలవంచి అంగీకరించారనుకోకూడదు. గురాబులకు మూడు కొయ్యలని సవరించమంటే ఆయన ఒప్పుకోలేదు. ఎక్కువ గురాబులకు రెండే కొయ్యలనీ, కొన్నిటికి మాత్రమే మూడనీ ఆర్మ్ వాక్యాన్ని పుట సంఖ్యతో సహా రాసి పంపారు. తెడ్ల వర్ణన దీర్ఘంగా ఉంది, తగ్గించమన్న సూచననూ తోసిపుచ్చారు; తెడ్డు వేసినవారికి గ్రంథంలో దక్కిన చోటు అదొక్కటే అన్నారు. దానికి మాత్రం ఏ పుట సంఖ్యా చూపలేదు. సంపాదకుడు ఈ రెండు విషయాలలోనూ ఆచార్యుల పక్షమే వహించాడు.

వ్యాసం నాలుగు పుటలకు బదులు ఆరు పుటలతో అచ్చయింది. మరుసటి నెలలో సంపాదకుని దగ్గరనుంచి ఆచార్యులకు మరొక కవరు వచ్చింది. టార్పెడో పడవలను గురించి ఇంకెవరో రాసిన వ్యాసం అది. సమీక్షించి పంపమని కోరారు. రాత్రి భోజనమయ్యాక ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారు. మొదటి పేరా దాటకముందే ఆయన చేయి అంచు దగ్గరికి వెళ్లింది.