చాటమ్ తాళ్ళ శాలలో ఇంగ్లీషు పాఠం

తాళ్ళ శాలలో అడుగుపెట్టి ఎదురుగా చూస్తే అవతలి గోడ ఆనదు. నేల మీద ఇనుప పట్టాలు, రెండు వైపులా కొయ్య స్తంభాలు, వరసగా కిటికీలు అన్నీ పోనుపోను సన్నబడి ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి. శాల పొడవు 346 మీటర్లు. లండన్‌కి తూర్పున కెంట్ కౌంటీలో, మెడ్వే నది ఒడ్డున ఉన్న చాటమ్ డాక్‌యార్డ్‌లో 1790 ప్రాంతంలో దీన్ని కట్టారు. అప్పటికే అక్కడ నూటయాభై ఏళ్ళకు పైగా ఓడల తాళ్ళు పేనుతున్నారు. అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ ఈ యార్డులోనే తయారై 1765లో నీళ్ళలోకి దిగింది. అలాంటి ఒక్క ఓడను ఆయత్తం చేయాలంటే పాతిక మైళ్ళకు పైగా తాడు కావాలి. 1984లో నావికాదళం ఇక్కడి నుంచి వెళ్ళిపోయింది, యార్డు మ్యూజియమైంది. తాళ్ళ పని మాత్రం ఆగలేదు. ఇక్కడ పేనిన తాడు ఇప్పటికీ అమ్ముడవుతోంది.

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఓడల యార్డుకు రావడానికి కారణం ఆ పాఠమే. మన దగ్గర ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. సిమిలీకి ఒక నిర్వచనం, మెటఫర్‌కి ఒక నిర్వచనం, ఒక్కోదాని కింద ఏదో కవి రాసిన వాక్యం. పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. అలంకారమంటే కవిత్వానికి పెట్టే నగ అన్న అభిప్రాయంతో బయటికి వెళ్ళిపోతారు. తర్వాత ఉద్యోగానికి ఇంగ్లీషు దేశం వచ్చినప్పుడు, కవిత్వం జోలికే పోని మనుషులు నోరు విప్పితే అలంకారాలతో మాట్లాడుతుంటే నిలబడిపోతారు. మా మేనకోడలు ఇక్కడికి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో నర్సు. అర్థంకాని మాట వినబడ్డప్పుడల్లా ఫోన్‌లో రాసిపెట్టుకుంటుంది. ఆ జాబితా నాకు పంపుతూ, "మావయ్యా, ఇవన్నీ ఓడల మాటలంటున్నారు, మీరే వచ్చి చూడండి" అంది.

పాతకాలపు దుస్తుల్లో ఉన్న గైడు మాలో కొందరిని ముందుకు పిలిచాడు. ఒక చివర చిన్న యంత్రం, దానికి మూడు కొక్కేలు, ఒక్కో కొక్కేనికి కొన్ని పోగులు. అవతలి చివర మూడు కట్టల్నీ కలిపి ఒకే కొక్కేనికి తగిలించారు. ఆ కొక్కెం ఉన్న బండి నేల మీద జరగగలదు. మధ్యలో శంకువు ఆకారంలో ఒక కొయ్య దిమ్మ, దాని చుట్టూ మూడు గాడులు. ఆ దిమ్మను మా మేనకోడలి చేతికిచ్చారు. పిడి తిప్పడం మొదలుపెట్టగానే పోగులు పురి ఎక్కి పేటలయ్యాయి. పురి మితిమీరాక దిమ్మ వెనక మూడు పేటలూ వాటంతట అవే ఒకదాన్నొకటి చుట్టుకోసాగాయి. కొత్తగా పడుతున్న తాడే దిమ్మను ముందుకు నెడుతోంది. "నేనేమీ చెయ్యట్లేదు మావయ్యా, అదే తోస్తోంది" అందామె. అవతల బండి మెల్లగా మావైపు జరిగింది, ఎందుకంటే పురి ఎక్కినకొద్దీ పొడవు తగ్గుతుంది. పోగుకి ఒకవైపు పురి, పేటకి దానికి ఎదురు, తాడుకి మళ్ళీ ఎదురు. విడిపోవాలని చూసే పురులు ఒకదాన్నొకటి పట్టుకోవడంలోనే తాడు బలమంతా ఉంది.

యంత్రాలు రాకముందు ఈ పోగులు మనుషులే వడికేవారు. నార నడుముకి చుట్టుకుని, వేళ్ళతో వదులుతూ, వెనక్కి నడుస్తూ. పోగుకి ఇంగ్లీషులో యార్న్ అని పేరు. కథలల్లేవాణ్ణి యార్న్ వడుకుతున్నాడనడం నావికుల నోట పుట్టి, 19వ శతాబ్దం మొదటికల్లా ఊళ్ళలోకీ వచ్చింది. కొత్త ఉద్యోగి పని నేర్చుకుంటున్నాడనడానికి లెర్నింగ్ ద రోప్స్ అంటారు. ఓడలో ఏ తాడు ఏ తెరచాపకు వెళుతుందో చీకట్లో కూడా చేతికి తెలియాలి, అది తెలిసినవాడే నావికుడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో రూఢి లక్షణకి చూపిన ఉదాహరణ నాకిక్కడ గుర్తొచ్చింది. కుశలుడంటే మొదట దర్భలు కోసేవాడు. చెయ్యి తెగకుండా దర్భ కోయడం నేర్పుతో కూడిన పని గనుక నేర్పరికి ఆ పేరు స్థిరపడి, దర్భల సంగతి జనం మరిచిపోయారు. మన ఆలంకారికులు వెయ్యేళ్ళ కిందట పట్టుకున్న సూత్రం ఇది. ఇంగ్లీషు అలంకారాలు చెప్పే మాస్టార్లం దీనితో మొదలుపెడితే మన పిల్లలకు సగం దారి కలిసొస్తుంది.

తాగి తూలేవాణ్ణి త్రీ షీట్స్ టు ద విండ్ అంటారు. షీట్ అంటే దుప్పటో తెరచాపో అనుకుంటాం. ఓడలో అది తాడు. తెరచాప కింది మూలను బిగించి ఉంచేది అదే. అది వదులైతే చాప గాలికి టపటపా కొట్టుకుంటుంది. అలాంటివి మూడు వదులైతే ఓడ అటూ ఇటూ తూలుతుంది. ఈ బొమ్మ కంటికి కట్టాక జాతీయాన్ని బట్టీపట్టే పని ఉండదు.

అయితే అన్నిటికీ సముద్రాన్ని అంటగట్టే ఉత్సాహం కూడా ఇక్కడ చాలా ఉంది. ఇరుకు గదిని పిల్లిని తిప్పేంత చోటు లేదంటారు. ఆ పిల్లి తొమ్మిది తోకల కొరడా అనీ, నావికుల్ని దానితో కొట్టేవారనీ అందరూ చెప్పే కథ. కానీ ఈ మాట 1665లోనే అచ్చులో ఉంది. ఆ కొరడా పేరు కనబడేది అంతకు ముప్ఫై ఏళ్ళ తర్వాత. కడుపునిండా తిండిని స్క్వేర్ మీల్ అనడం ఓడలోని చదరపు పళ్ళేల వల్ల అంటారు. అది 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన మాట. కథ ఎంత ముచ్చటగా ఉంటే దాన్ని అంత గట్టిగా పరీక్షించాలి. తరగతిలో ఒక తప్పు కథ చెబితే అది మూడు తరాలు నడుస్తుంది.

మా అమ్మాయి జాబితాలో నన్ను బాగా ఆలోచింపజేసిన మాటలు వేరు. ఒక ముసలావిడ స్పెండ్ ఎ పెన్నీ అంటే డబ్బులేవో కావాలేమోననుకుందట. ఒకప్పుడు పెన్నీ నాణెం వేస్తేనే పబ్లిక్ టాయిలెట్ తలుపు తెరుచుకునేది. ఆవిడ అడిగింది బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళమని. రాత్రి డ్యూటీవాళ్ళు ఒక రోగి గురించి టచ్ అండ్ గో అని చెప్పి వెళితే, గో అన్నారు గనుక పోయాడేమోనని మా అమ్మాయి భయపడి మంచం దగ్గరికి పరుగెత్తింది. గైడుని అడిగితే యార్డు పక్కనున్న నదిని చూపించాడు. లోతు తక్కువ చోట ఓడ అడుగు నేలకి తగిలి, ఇరుక్కోకుండా జారిపోవడమట. ఇరుక్కుంటుందో దాటుతుందో తెలియని ఆ క్షణం పేరే మంచాన ఉన్న మనిషికీ పెట్టారట.

వీటికన్నా ప్రమాదమైనది అల్పోక్తి. మన రోగి తల పగిలిపోతోందంటాడు, ప్రాణం పోతోందంటాడు. నొప్పికి మన భాష అతిశయోక్తి. ఇక్కడి పెద్దవాళ్ళు ఆపరేషనైన మర్నాడు ఎలా ఉందంటే నాట్ టూ బ్యాడ్ అంటారు, పళ్ళు బిగబట్టి ఎ బిట్ సోర్ అంటారు. తెలుగు చెవితో వింటే నొప్పి లేదనే అనిపిస్తుంది. ముఖం చూసి మాటకి ఎంత కలపాలో నేర్చుకోవడానికి తనకి చాలాకాలం పట్టిందంది మా అమ్మాయి. నేను చూసిన ఏ పాఠ్యపుస్తకంలోనూ అల్పోక్తి వల్ల మనిషికి నొప్పి మందు అందకపోవచ్చని రాయలేదు. రాయాలి.

చార్లెస్ డికెన్స్ బాల్యం కొంత ఈ ఊళ్ళోనే గడిచింది. తండ్రి నావికాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా, ఆ కుటుంబం 1817 నుంచి 1822 దాకా చాటమ్‌లో ఉంది. ఓడ సిబ్బందిని, మిల్లు కూలీల్ని హ్యాండ్స్ అని పిలవడం ఇంగ్లీషుకి అలవాటు. భాగంతో మొత్తాన్ని చెప్పడం, సినెక్‌డకీ. వాడివాడి అందులో మనిషి చెయ్యి ఎవరికీ కనబడకుండా పోయింది. 1854లో హార్డ్ టైమ్స్ నవల రాస్తూ డికెన్స్ ఆ మాట దగ్గర ఆగాడు. వీళ్ళు నిజంగానే వట్టి చేతులై పుట్టి ఉంటే కొందరికి ఇంకా నచ్చేవారన్న అర్థం వచ్చేలా రాసి, నిద్రపోతున్న అలంకారాన్ని తట్టి లేపాడు. సాహిత్యం చేసే పనుల్లో నేను అన్నిటికన్నా పెద్దదిగా ఎంచేది ఇది. వాడుక నిద్రపుచ్చిన మాటని గొప్ప రచయిత మేల్కొలుపుతాడు. దాంతో ఆ మాట కింద అణిగిన మనుషులు కనబడతారు.

చివర్లో గైడు ఒక తాడు ముక్క పురి విప్పి లోపలున్న రంగు పోగు చూపించాడు. రోగ్స్ యార్న్, దొంగల్ని పట్టే పోగు. నావికాదళం తాడు ఎవరైనా ఎత్తుకెళితే ఎక్కడ కోసినా అది బయటపడుతుంది. ఇంగ్లీషు ఓడల తాళ్ళలోని ఈ పోగునే ఎర్ర దారంగా చెబుతూ జర్మన్ రచయిత గేటే 1809లో తన నవలలో ఉపమానంగా వాడాడు. అప్పట్నుంచి రచనంతటా సాగే అంతస్సూత్రాన్ని జర్మన్లు ఎర్ర దారం అంటున్నారు.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక మా అమ్మాయి తన జాబితాలో ఇంకోటి చూపించింది. తల్లి మంచం పక్కనే నెలల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఒక కూతురు ఎట్ ది ఎండ్ ఆఫ్ మై టెదర్ అందట. టెదర్ అంటే పలుపు అని చెప్పాను. మా ఊళ్ళో పెరిగిన పిల్లకి అంతకుమించి చెప్పక్కర్లేకపోయింది.

"గుంజ చుట్టూ అందినంత మేరా మేసేసింది, ఇక గడ్డి లేదన్నమాట. నేను ధైర్యంగా ఉండమని చెప్పి వచ్చాను మావయ్యా. ఆవిడకి కావలసింది ధైర్యం కాదు. రేపు వార్డు సిస్టర్‌తో మాట్లాడి రెండు రాత్రులు ఇంటికి పంపాలి."