చోటు లేని ఓడ



ఈ మాసమున మీతో ఒక ఓడను గూర్చి మాటలాడగోరుచున్నాను. అది యుద్ధనౌక కాదు. సరకులు మోయు ఓడ. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికావారు ‘విక్టరీ’ అను నమూనాతో ఐదువందలకు పైగా ఓడలను కట్టిరి. 1945లో లాస్ ఏంజెలెస్‌లో కట్టబడిన ‘మెరెడిత్ విక్టరీ’ వాటిలో ఒకటి. ఉత్తర కెరొలీనాలో బాప్టిస్టువారు స్థాపించిన స్త్రీల కళాశాల పేరు దానికి పెట్టిరి. పొడవు 455 అడుగులు. నావికులు గాక పన్నెండుమంది ప్రయాణికులకు మాత్రమే అందులో చోటు. ఈ పన్నెండు అను సంఖ్యను దయచేసి జ్ఞాపకముంచుకొనుడి.

1950 శీతకాలమున చీనా సైన్యము కొరియా యుద్ధములో దిగగా, ఐక్యరాజ్య సమితి సేనలు చోసిన్ జలాశయము నుండి వెనుకకు తగ్గి హుంగ్నాం రేవు చేరినవి. సైనికులు సుమారు లక్షమంది. వారి వెనుకనే, ఎముకలు కొరుకు చలిలో, మూటలు నెత్తిని పెట్టుకొని, పిల్లలను వీపున కట్టుకొని జనులు వచ్చిరి. వారిలో క్రైస్తవులు అనేకులు. ఈ జనులను ఎక్కించుకొను ఏర్పాటు మొదట లేనేలేదు. సైన్యమునకు సలహాదారుగా నుండిన హ్యూన్ బాంగ్‌హాక్ అను కొరియా వైద్యుడు జనరల్ ఆల్మండును పదేపదే బతిమాలగా చివరకు అనుమతి దొరికెను.

మెరెడిత్ విక్టరీ కెప్టెను లియోనార్డ్ లారూ, ఫిలడెల్ఫియావాడు, అప్పటికి వయస్సు 36. ఆయన సైనికుడు కాడు గనుక సైన్యాధికారులు ఆజ్ఞాపింపలేదు. ఎక్కించుకొందురా అని అడిగిరి, అంతే. కాదనుటకు కారణములు కావలసినన్ని యుండెను. ఓడగర్భములో విమానములకు వాడు ఇంధనము 300 టన్నులుండెను. ఒక్క నిప్పురవ్వ చాలును. సముద్రములో శత్రువులు మందుపాతరలు పరచియుండిరి. ఆయన దుర్భిణితో రేవువైపు చూచి, పట్టినంతమందిని ఎక్కింపుడని చెప్పెను.

డిసెంబరు 22 రాత్రి మొదలుకొని 23 ఉదయము వరకు ఎక్కించిరి. బస్తాలు దించు పలకలమీద మనుష్యులను నిలువబెట్టి, యంత్రములతో ఎత్తి, సరకుల కొట్లలోనికి దించిరి. ఒక అంతస్తు నిండగానే మూతవేసి, దానిమీద మరియొక అంతస్తు. అవన్నియు నిండిన పిమ్మట పైతట్టు మీద. పన్నెండుమందికి చోటున్న ఓడలో పదునాలుగు వేలమంది! వారికి వైద్యుడు లేడు, వారి మాట తెలిసిన దుబాసీ లేడు, అన్నము లేదు, కొట్లలో దీపము గాని వెచ్చదనము గాని లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట వరద వచ్చిన రాత్రి, మా దేవాలయపు గుమ్మమున నిలిచి వచ్చువారిని నేను లెక్కించితిని. చాపలు అయిపోగానే, ఇక చోటు లేదు, బడి దగ్గరకు పొండని చెప్పితిని. చంకలో బిడ్డతో ఒక తల్లి మారుమాట పలుకక మోకాలిలోతు నీళ్లలో వెనుదిరిగెను. వారు క్షేమముగనే బడికి చేరిరి. అయినను ఆమె నన్ను చాప అడుగలేదని నాకు తోచుటకు తెల్లవారవలసి వచ్చెను.

ఓడ 24న బూసాన్ చేరెను. ఆ పట్టణము అప్పటికే కాందిశీకులతో నిండియున్నందున వారిని దిగనీయలేదు. అది క్రిస్మసుకు ముందటి సాయంకాలము! బేత్లెహేము సత్రమును మీకు జ్ఞాపకము చేయనక్కరలేదు. మరల సాగి కొజే ద్వీపమునకు పోగా, 26న జనులు దిగిరి. దారిలో ఒక్కరును చనిపోలేదు. ఐదుగురు శిశువులు పుట్టిరి. కొరియా పేర్లు తెలియని నావికులు వారిని కిమ్చీ ఒకటి, కిమ్చీ రెండు అని పిలిచిరి! 2017లో దక్షిణ కొరియా అధ్యక్షుడైన మూన్ జేఇన్ తలిదండ్రులును ఆ ఓడలో వచ్చినవారే.

దీనిని అద్భుతమందురు, నేనును కాదనను. అయితే హుంగ్నాంలో మిగిలిపోయినవారును అనేకులు. భార్య ఓడమీద, భర్త ఒడ్డున. ఇరువైపులవారు మరల కలిసికొనక ముసలివారై చనిపోయిరి. ఆ మాట దాచి మిగిలినది చెప్పినయెడల అది సాక్ష్యము కానేరదు.

ఆ ఓడను 1993లో చీనా దేశమున తుక్కుగా విరుగగొట్టిరి. కెప్టెను లారూ 1954లో సముద్రము విడిచి, న్యూజెర్సీలోని న్యూటన్ మఠమున బెనెడిక్టు సన్యాసియై, బ్రదర్ మరైనస్ అను పేరు ధరించెను. మఠజీవితమును గూర్చి మన సంఘములలో వేరు తలంపులున్నవి; వాటిని ఇక్కడ తర్కింపను. ఆయన మఠపు దుకాణములో కూర్చుండెడివాడు. ఓడ సంగతి తనంతట తాను ఎత్తెడివాడు కాడట. 2001 అక్టోబరు 14న, 87వ ఏట ప్రభువునందు నిద్రించెను.

అప్పటికి ఆ మఠములో సన్యాసులు తగ్గిపోయి, దానిని మూసివేయు స్థితి వచ్చెను. దానిని నిలుపుటకు వచ్చినవారు దక్షిణ కొరియాలోని వేగ్వాన్ మఠమువారు. ఆ మఠమును 1952లో స్థాపించినవారు ఉత్తరదేశము విడిచి వచ్చిన సన్యాసులే.